ఒక్క రేగుపండు టీ

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి! ఎలుగుబంటి జాంబయ్య నూరేళ్లపాటు రోజూ పన్నెండు కొండల అవతలి మంచును వీపున మోసుకొచ్చి, అడవంతటికీ చల్లటి టీ డబ్బాలు అమ్మాడు. ప్రతి డబ్బా మీదా ధర రాసుండేది: ఒక్క రేగుపండు.

ఒక ఏడు ఎండలకి టీలో కలిపే తేనె ప్రియమైపోయింది.

"మామా, ధర రెండు పళ్లు చెయ్యి. లేకపోతే కొట్టు మూసుకోవాల్సిందే," అంది కొట్టు లెక్కలు చూసే నక్క.

జాంబయ్య నడుం పట్టుకుని కూలబడ్డాడు. "అందరికీ దాహం పెరిగింది గానీ, రేగుచెట్లు పెరగలేదు కదా అల్లుడూ!"

ధర మార్చలేదు. కొట్టు ముందు నాట్యమాడి గిరాకీని పిలిచే నెమలిని పనిలోంచి తీసేసి, ఆ జీతం తేనెకు సరిపెట్టాడు.

మర్నాడు మొట్టమొదట వచ్చింది ఆ నెమలే, ముక్కున ఒకే ఒక్క పండుతో. జాంబయ్య తలెత్తలేక, తలొంచుకునే డబ్బా అందించాడు.

సాక్ష్యం కావాలా? ఇప్పటికీ అక్కడే తాగే ఆ నెమలినే అడగండి. పేరు పింఛాలయ్య.