రెక్క మీది పసుపు బొట్లు

గంగాధరను మట్టి చేసిన మూడోనాడు, విరిగిన గ్లైడర్ రెక్క పక్కన అతని తల్లి ఓబులమ్మ కూలబడింది.

"కొత్త బండికి పెట్టినట్టు దీనికీ పసుపు బొట్లు పెడితి. అయినా నా కొడుకును కాపాడలేదే ఖాజా?"

గంగాధరతో కలిసి ఆ గ్లైడర్ చేసిన ఖాజా తలెత్తలేదు. "ఇంజను లేంది గదా పెద్దమ్మా, గాలి మీదనే రావల్ల. మైదానానికి ఇరవై గజాల ముందే రాళ్లల్లో పడె."

"దినామూ ఈ రెక్కను గరుకు కాయితంతో రుద్దుతాండె. ఎందుకప్పా?"

"నున్నగుంటే గాలి జారిపోతాది. రవ్వంత గరుకున్నా గాలి చెదిరి రెక్కను ఎనక్కి గుంజుతాది." అనేశాక ఖాజా నాలుక కరుచుకున్నాడు.

ఆమె వేలు రెక్క అంచున గట్టిపడిన పసుపు మీద ఆగింది. "ఇవి చూడలేదా వాడు?"

ఖాజా అబద్ధమాడలేకపోయాడు. "నేను తుడవబోతే చెయ్యి పట్టుకున్యాడు పెద్దమ్మా. అమ్మ పెట్టింది, ఉండనీ అన్యాడు."

ఓబులమ్మ ఏడవలేదు. ఒక్కో బొట్టునూ గోటితో గీకడం మొదలుపెట్టింది.