ఏడాది తూటాలు

పొద్దు వాలిందో లేదో అడవిపందులు కొండ దిగి వెంగయ్య వేరుసెనగ చేలో పడ్డాయి.

"తుపాకి పేల్చవేంది?" గట్టుమీద నుంచి భార్య లిదియమ్మ అరిచింది.

"తూటాల్లేవు."

"చేను కాచుకోమని సర్కారిచ్చిన ఏడాది తూటాలన్నీ ఏమైనాయి?"

"నెల్లూరు గురి పందెంలో ఎవరి తూటాలు వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. గాల్లోకి మట్టిబిళ్ళలు ఎగరేస్తే కాల్చినాను. ఒక్కటి తప్పలా."

"ఆ మట్టిబిళ్ళలు ఎవరి చేను మేసినాయి?"

లిదియమ్మ ఆ పందెంలో వచ్చిన వెండికప్పును గుడిసెలోంచి తెచ్చి కర్రతో వాయించింది. పందులు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ కాయలు తవ్వుకోసాగాయి.

వెంగయ్య వంగి ఒక మట్టిబెడ్డ తీసి విసిరాడు. గురి తప్పలేదు. బెడ్డ పెద్దపంది వీపున తగిలి పొడిపొడి అయింది.

పంది తల కూడా తిప్పలేదు.