పొల్లు పోయిన కోరిక

వంటింట్లో మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతోంది. కిటికీ బయట, కెనడాలోని డార్ట్‌మత్ ఊరి మీద కూడా ఎవరో కొబ్బరి తురిమి పోసినట్టు మంచు.

కిటికీ దగ్గరి కుర్చీలోంచి మాట వినబడింది.

"ఈ చలికాలానికి నీసైతే బాగుంటుందండీ."

రామ్మోహన్ గారు మిక్సీ ఆపేశారు. ఆయన గుండె కూడా ఒక తిప్పు ఆగింది.

నీసు! కమలకుమారి నోట!

గుడ్డు కలిసిన కేకును గుమ్మం దాటనివ్వని ఇల్లాలు. హాస్పిటల్ పార్టీలో చేపల పళ్ళెం పక్కన నిలబడ్డారని, ఆయన కోటును మూడుసార్లు ఉతికించిన ఇల్లాలు.

"ఏమన్నావూ?" అని అడగబోయి నాలుక కరుచుకున్నారు.

ఆవిడకి ఆపరేషనై ఎనిమిది నెలలు. రిపోర్టులన్నీ బాగున్నాయి. మనిషే బాగాలేదు.

ఏం వండమంటావంటే "ఏదో ఒకటి." ఎక్కడికైనా వెళదామంటే "ఎందుకు లెండి." రెండు ముద్దలు, మళ్ళీ ఆ కిటికీ. శాకాహారి కాస్తా శోకాహారి అయిపోయింది.

ఎనిమిది నెలల్లో ఇదే మొదటి కోరిక. రెట్టించి అడిగితే "ఏం లేదు లెండి" అనేస్తుంది. మళ్ళీ ఇంకో కోరిక పుడుతుందని నమ్మకమేముంది?

అందుకని అడగలేదు.

ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు బల్ల మీది కాగితం చూశారు. ఆవిడ చేతిరాతే. కుడివైపు సగం మీద కళ్ళజోడు పెట్టె ఉంది. కదిలిస్తే లేస్తుందేమోనని, కనబడినంతే చదివారు.

నీస్
నిమ్మకాయల...
శనగపిండి...
ఆలివ్...

'నీస్' అని పొల్లు పెట్టి ఆపేసింది. పాపం, పూర్తిగా రాయడానికి కూడా సిగ్గుపడింది!

హేమచంద్రకి ఫోన్ చేశారు. నరసాపురం కుర్రాడు, హాలిఫాక్స్‌లో సాఫ్ట్‌వేర్.

"ఒక చిన్న సాయం, హేమచంద్రా. నీసు గురించి."

"మీ నీసా? అంటే మేనకోడలా అంకుల్? స్టడీ పర్మిట్ మీద వస్తోందా?"

"ఆ నీస్ కాదయ్యా. చే... చేప."

"అంకుల్, మీకు ఒంట్లో బానే ఉందా?"

"నాకు కాదు, మీ ఆంటీకి తినాలనుంది. నిమ్మకాయ, శనగపిండి, ఆలివ్ నూనె అని రాసుకుంది కూడా."

"మసాలా కరెక్టేనండీ! ఆంటీ మామూలావిడ కాదు!"

ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశారు రామ్మోహన్ గారు. మత్తు గురించి అడిగితే చెబుతారు గానీ, మత్స్యం గురించి ఏం తెలుసు?

అయినా ఫెర్రీ ఎక్కి, హార్బర్ దాటి, హాలిఫాక్స్‌లో చేపల షాపుకి వెళ్ళారు.

"కాడ్?" అని అడిగింది కౌంటర్‌లో అమ్మాయి.

కంగారులో ఆయనకి తెలుగే వచ్చింది. "కాదు."

ఆ అమ్మాయి రెండు పౌండ్ల కాడ్ చేప తూచి చేతిలో పెట్టింది.

తిరుగు ఫెర్రీలో ఒళ్ళో చేప. మైనస్ పన్నెండులో ఒళ్ళంతా చెమట.

శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో పొయ్యి పెట్టి హేమచంద్ర వేపుడు మొదలెట్టాడు. ముక్కుకి మాస్కు కట్టుకుని, శనగపిండి చేతులతో పక్కన నిలబడ్డారు రామ్మోహన్ గారు. ఇన్నాళ్ళూ ఊరందరికీ మత్తిచ్చిన మనిషి, ఆ వాసనకి తనే సొమ్మసిల్లేలా ఉన్నారు.

టొరంటో నుంచి పొద్దున్నే దిగిన కూతురు అనన్య ముక్కు మూసుకుంది. "నాన్నా, వాట్ ఈజ్ దట్ స్మెల్?"

పళ్ళెం వచ్చి కమలకుమారి గారి ముందు ఆగింది.

"ఏమిటండీ ఇదీ?"

"నువ్వడిగిందే. సిగ్గుపడకు. ఒక్కదానివే తినక్కర్లేదు, నేనూ తింటాను."

కళ్ళు గట్టిగా మూసుకుని ముక్క నోటిదాకా తెచ్చారు.

"ఆగండి!"

ఎనిమిది నెలల్లో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"నేనెప్పుడడిగానూ?"

"మంగళవారం! ఈ చలికాలానికి నీసైతే బాగుంటుందన్నావు. కాగితం మీద రాశావు కూడా!"

అనన్య కాగితం పట్టుకొచ్చింది. తనకి తెలుగు చదవడం రాదు. హేమచంద్ర అందుకున్నాడు.

"నిమ్మకాయల పండగ, రైల్లో వెళ్ళాలి. శనగపిండి అట్టు, అక్కడ సొక్కా అంటారు... సొక్కానా? తినేదా, తొడుక్కునేదా ఆంటీ? ఆలివ్ తోటలు. పూల బజారు. సముద్రం ఒడ్డున నీలం కుర్చీలో ఎండ."

అనన్య పడీ పడీ నవ్వింది.

"నాన్నా, నీస్! ఇట్స్ ఎ సిటీ! ఫ్రాన్స్‌లో. నైస్ అని రాస్తారు, నీస్ అంటారు. వింటర్‌లో అక్కడ ఏం చెయ్యొచ్చో అమ్మకి వీడియో పంపించా." నవ్వు కాస్త తగ్గింది. "ఓపెన్ చెయ్యలేదనుకున్నా."

"ఏడుసార్లు చూశాను," అన్నారు కమలకుమారి గారు.

రామ్మోహన్ గారి చేతిలో ముక్క ఇంకా గాల్లోనే ఉంది.

"అంటే... నీస్ అయితే బాగుంటుందన్నావా?"

"అవునండీ. నీస్, అయితే."

"కలిపేస్తే ఎవరికైనా నీసైతేనే కదండీ," అన్నాడు హేమచంద్ర. "పాపం అంకుల్, మీరు లిస్టంతా పొల్లుపోకుండా పాటించారు. పోయిందల్లా ఒక్క పొల్లే!"

ఇల్లంతా నవ్వింది. కమలకుమారి గారు మాత్రం ఆయన వేళ్ళకంటిన శనగపిండి వైపే చూస్తున్నారు.

"చేతులు కడుక్కు రండి. సబ్బుతో. రెండుసార్లు."

ఆయన లేచారు.

"అక్కడో కొండుందిట," అన్నారావిడ వెనకనుంచి. "పైకెక్కితే ఊరంతా కనబడుతుందిట. రెండొందల పైచిలుకు మెట్లు."

ఆయన కుళాయి దగ్గరే ఆగిపోయారు. "లిఫ్ట్ ఉంటుందిగా?"

"ఉందిట. మీరు అందులో రండి. నేను మెట్లెక్కుతాను."