అందని కబురు

అమ్మ పడిపోయింది. ఫోన్ మోగలేదు.

ముందుగదిలో చొక్కాల కాలర్లు కుడుతున్న కూతురికి ఆ సంగతే తెలియలేదు. దారం అయిపోయి లోపలికి వెళ్లేసరికి, అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కణత మీద బొప్పి కట్టింది.

"పిలవచ్చు కదమ్మా!"

"పిలిచానే. నీ మిషన్ గోలలో నా గొంతు ఏపాటిది?"

అన్నయ్యకు చెప్పక తప్పలేదు.

"ఇంక నీ వల్ల కాదు," అన్నాడు ఫోన్లో. "వృద్ధాశ్రమం వాళ్లతో మాట్లాడేశాను. సాయంత్రం కారు తీసుకొస్తాను. అమ్మ బట్టలు సర్ది ఉంచు."

"ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి పడటం, అన్నయ్యా."

"రెండోసారికి తుంటి మిగలదు."

ఆమె బట్టలు సర్దలేదు. బావకు ఫోన్ చేసింది.

అమ్మ లేస్తే తెలిసేలా మంచానికి అలారం పెట్టింది బావే. అమ్మ దుప్పటి కింద పల్చటి చాపలాంటిది పరిచాడు. అమ్మ లేచి కూర్చుంటే అది కాసేపు కీచుమని ఊరుకుంటుంది. ఆ వెంటనే వైఫై మీద కూతురికి కబురు వెళ్లి, ఫోన్ మోగాలి.

బావ నెత్తిన హెల్మెట్ తియ్యకుండానే మంచం కింద దూరాడు.

"చాపకు నెట్ ఉంది. నీ ఫోన్‌కూ ఉంది. మరి వీటికేం రోగం?"

"త్వరగా చూడు బావా. అన్నయ్య వచ్చేస్తాడు."

రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. ఫోన్ ఆపి మళ్లీ వేశాడు. చాపకు కొత్త బ్యాటరీలు వేశాడు.

"అత్తా, లే."

అమ్మ లేచి కూర్చుంది. చాప కీచుమంది. ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

"పడుకో అత్తా. ఆఁ, మళ్లీ లే."

"ఒరేయ్, పంపించేముందు నాతో కసరత్తు చేయిస్తున్నారట్రా?"

ఎవరూ నవ్వలేదు. అమ్మ పిడికిట్లో దుప్పటి అంచు నలిగిపోతోంది. కూతురు అటు చూడలేక ముఖం తిప్పుకుంది.

"నిన్నటిదాకా బాగానే ఉంది బావా! పక్కవాటావాడు నిన్ననే ఖాళీ చేశాడు. వెళ్తూ వెళ్తూ ఏ తీగో పీకి పోయాడేమో."

"అతనికేం పని?"

"నా మీద కక్ష. నేనే ఓనరమ్మతో చెప్పి పంపించేశాను."

పక్కవాటా పొడవాటి ఒంటిగది. దాని గోడ ఒక కొసన అమ్మ గదికి, ఇంకో కొసన ముందుగదికి ఆనుకుని ఉంటుంది. అందులో ఒంటరిగా ఉండే ఆ నడివయసు మనిషికి నత్తి. ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. ఆమె మిషన్ తొక్కుతుంటే మాత్రం ఉన్నట్టుండి ముందుగది గోడ మీద దబదబా గుద్దేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది. మిషన్ ఆపేసి, "చూశావా అమ్మా, వాడి పొగరు!" అంటూ విసవిసా లోపలికి వెళ్లేది. వెళ్లిన చేత్తోనే అమ్మను బాత్రూముకు నడిపించుకొచ్చేది. ఒకసారి అతను గుమ్మం దాకా వచ్చి, "అ... అది..." అంటూ అవస్థ పడుతుంటే, "ఏమున్నా ఓనరమ్మతో చెప్పుకోండి," అని ముఖాన తలుపు వేసేసింది.

"నా బుర్ర తగలెయ్య!"

బావ నెత్తి కొట్టుకోబోయి హెల్మెట్ కొట్టుకున్నాడు.

"ఏమైంది?"

"చాపను గెస్టుల వైఫైలో పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు వాడుకోవడానికి వేరేగా ఉంటుందే, అందులో. నెట్ అయితే ఇస్తుంది కానీ, ఇంట్లో ఉన్న మిగతా వాటితో మాట్లాడనివ్వదు. ఒకే కొంపలో ఉంటూ మాటల్లేని మొగుడూ పెళ్లాలనుకో."

చాపను ఫోన్ ఉన్న వైఫైలోకి మార్చాడు.

"అత్తా, ఈ ఒక్కసారి."

అమ్మ లేచింది. ఫోన్ ఇల్లెగిరిపోయేలా మోగింది.

కూతురు గోడకు జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"రానీ మీ అన్నని," అన్నాడు బావ. "ఇది మోగాక కూడా తీసుకెళ్తానంటే కారుకు నేను అడ్డం పడుకుంటాను."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"నిన్నటి వరకూ బాగున్నది ఇవాళ ఎలా మారిపోయింది బావా?"

"మారడమేంటి? పెట్టిన రోజు నుంచీ ఇంతే. ఆ రోజు అత్తకు జ్వరం కదా, లేపి కూర్చోబెట్టడం ఎందుకని మోగించి చూడలేదు. తప్పు నాదే. నీ ఫోన్‌కు ఇప్పటిదాకా ఒక్క కబురూ అందలేదు. నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుంది? అమ్మ లేచి కూర్చునే వేళకు నేనే లోపలికి వచ్చేదాన్ని. ప్రతిసారీ..."

"ప్రతిసారీనా? నీకెలా తెలిసేది?"

ఆమె ముందుగదిలోకి వెళ్లి, పక్కవాటా గోడ మీద చెయ్యి ఆనించింది.

అప్పుడే పక్కవాటా తాళం తీస్తున్న చప్పుడైంది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఓనరమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఆయన ఎక్కడికి వెళ్లారండీ?"

"చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏం, మళ్లీ ఏం చేశాడమ్మా?"

"వెళ్తూ ఏమైనా అన్నారా? నా గురించి?"

"నిన్ను పల్లెత్తు మాట అనలేదు," అంది ఓనరమ్మ, గది ఊడ్చుకుంటూ. "చిత్రమైన మనిషి తల్లీ... ఆ నత్తితో చెమటలు కక్కుతూ ఒక్కటే అడిగాడు, ఈ గది ఎవరికిచ్చినా చెవులు బాగా వినపడేవాళ్లకే ఇవ్వమని."