సున్నపురాయిలో ఏముంది?

“యాసిడ్ చుక్క పడగానే బుసబుస పొంగింది కాబట్టి ఇది సున్నపురాయి. అంతవరకూ బాగానే చెప్పావు. ఇందులో ఏమేం ఖనిజాలు ఉంటాయో ఇప్పుడు చెప్పు,” అన్నారు ఎగ్జామినరు.

బల్లకి ఇవతల నిలబడ్డ ఆమె రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున బస్సు ఎక్కేదాకా కంఠతా వచ్చినదంతా ఎటు పోయిందో పోయింది. ఈ ఒక్క ప్రాక్టికల్ గట్టెక్కితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసు, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

“తెల్లగా ఉంటుంది సార్...”

“రంగు అడగలేదమ్మా. లోపల ఏముంటుంది?”

సరిగ్గా అప్పుడే తలుపు అవతల ఆమె పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. వెంటనే అత్తగారు లోపలికి తొంగిచూసింది.

“అమ్మాయ్, నా వల్ల కావట్లేదే! నేను పాడితే ఇంకా రెచ్చిపోతోంది. దీనికి నీ జోలే కావాలిట.”

“ఇది పరీక్ష గదా, పురిటి గదా?” ఎగ్జామినరు కళ్ళజోడు తీశారు. అంతలో ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి గొంతు తగ్గించారు. “సరే, వెళ్ళి నిద్రపుచ్చి రా. నా ప్రశ్న ఎక్కడికీ పోదులే.”

గుమ్మంలోనే పిల్లని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ చెవిలో జోల అందుకుంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని, కూరలు తరుగుతూ, కాలితో ఉయ్యాల ఊపుతూ రోజూ పాడేదే. రెండో చరణానికే వెక్కిళ్ళు తగ్గాయి. ఇంకాసేపటికి పిల్ల మెడ వాలిపోయింది. ఏదో రాసుకుంటున్న ఎగ్జామినరు తలెత్తి, ఓ చెవి అటు పడేశారు.

ఆమె నిద్రపోయిన పిల్లతోనే బల్ల దగ్గరికి వచ్చింది.

“ఒక్క ముక్కా గుర్తు రావట్లేదు సార్. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను.”

“జోల గుర్తుందిగా?”

“సార్?”

“ఇందాక పాడావే, అదే. మళ్ళీ పాడు.”

వేళాకోళం అనుకుంది. ముఖం కందిపోయింది.

“పాడవే, సిగ్గెందుకు? పిల్ల లేవకుండా పాడు,” గుమ్మంలోంచి గుసగుసగా అంది అత్తగారు.

ఆమె తల దించుకుని, పిల్ల వీపు మీద మెల్లగా తడుతూ గొంతు విప్పింది.

“జోజో తల్లీ... సున్నపురాయిలో కాల్సైటే ఎక్కువ తల్లీ... డోలమైటు కొంచెం తల్లీ... బంకమన్ను, ఇసుక తల్లీ... ఎర్రచార ఉంటే అది ఇనుము తల్లీ... జోజో!”