నాలుగు కుర్చీలు

ప్రతి శుక్రవారం టీవీ పోటీలో ఏదో ఒక ఇంటిని డిజైనర్లు ప్రేక్షకుల ఓట్లతో మార్చేస్తారు. పోయిన వారం ఎదురింట్లో, సోఫా రంగుకు నప్పలేదని తాతగారిని తీసేశారు. ఆయన మళ్లీ కనబడలేదు.

ఈ వారం సుభాషిణి ఇంటి వంతు. పొద్దున్నే ఉప్మా గిన్నెతో ఆమె వంటగదిలోంచి వచ్చేసరికి కొత్త భోజనాల బల్ల, దాని చుట్టూ నాలుగే కుర్చీలు ఉన్నాయి. ఇంట్లో ఐదుగురు.

"ఇంకో కుర్చీ మర్చిపోయారేమోనండీ," అంది భయంభయంగా, గోడలోని కెమెరాతో.

"లేదమ్మా, ఈ గదికి నలుగురైతేనే అందం," అంది డిజైనర్ గొంతు తియ్యగా.

అత్తగారు, మామగారు, భర్త, కూతురు గబగబా కూర్చున్నారు. ఎప్పుడూ అందరికీ వడ్డించాకే తినే సుభాషిణి ఒక్కతే నిలబడి ఉంది.

"వడ్డించు," అన్నాడు భర్త, తలెత్తకుండా.