మార్చి ఏజెంటు

"వచ్చారండీ మీ మార్చి ఏజెంటు," అంది కన్యకాపరమేశ్వరి, కొట్లో క్యారియర్ దించుతూ.

రాజమండ్రి బజారులో బట్టల కొట్టు నడిపే ఆమె భర్త గోపాలకృష్ణమూర్తి తల కూడా ఎత్తలేదు.

మార్చి నెలొస్తే ఏసుపాదం కొట్టు మెట్టెక్కాల్సిందే. ఎక్కడో రిటైరై ఈ ఊళ్ళో స్థిరపడ్డ మనిషి. తువ్వాలు కొనడానికొచ్చి పరిచయమై, ఇక వదిలిపెట్టలేదు.

"బ్యాంకుకి పదండి. ఈ ఏడు పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఇంకా కట్టలేదు కదండీ?"

"పదిహేనేళ్ళు తాళం వేసే డబ్బేంటండీ? సరుకు మీద తిప్పుకుంటే నాలుగు రాళ్ళు వస్తాయి."

"ఇన్‌కంటాక్సు తగ్గుద్దండి. పెద్దతనంలో పింఛనివ్వడానికి మీదేం గవర్నమెంటు ఉద్యోగం కాదు కదండీ."

"మీ కమీషనెంతో చెప్పండి. నేనే ఇచ్చేస్తాను, నన్నొదిలేయండి."

ఏసుపాదం నవ్వి, గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. కదిలే రకం కాదు.

టాక్సు తగ్గుతుందన్న ఒక్క ఆశతో మూర్తి ఏటా ఆయన వెంట వెళ్ళి కట్టి వచ్చేవాడు. దారి పొడుగునా సణుగుడే.

ఎనభై ఆరు గోదావరి వరదకి గోదాములో సరుకంతా బురదపాలైంది. అప్పులవాళ్ళు కోర్టుకెక్కారు. కొట్టు పోయింది, ఇల్లు పోయింది, పరమేశ్వరి మెడలో పసుపుతాడు మిగిలింది.

"బ్యాంకులో ఆ ప్రావిడెంట్ ఫండు ఒకటుంది. అదీ పట్టుకుపొమ్మనండి," అన్నాడు మూర్తి ప్లీడరుతో, నీరసంగా.

ప్లీడరు తల అడ్డంగా ఊపాడు.

"దాన్ని ఏ అప్పు కిందా జప్తు చేయడానికి లేదండీ. చట్టం ఒప్పుకోదు. అది మీదే."

పరమేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గడువు తీరకపోయినా అందులోంచి ఏటా కొంత తీసుకోనిచ్చారు. ఆ డబ్బుతోనే చిన్న అద్దె ఇంట్లో పొయ్యి వెలిగింది. ఎవరి ముందూ చెయ్యి చాచే అవసరం రాలేదు.

మళ్ళీ మార్చి వచ్చింది.

"కొట్టే లేదు, ఆయనెక్కడికొస్తారు? మనమే వెళ్దామండీ," అంది పరమేశ్వరి. "కాళ్ళకి దణ్ణం పెట్టినా తప్పులేదు."

ఏజెంటు గారి ఇల్లెక్కడని బ్యాంకులో అడిగారు.

"ఏజెంటా? మా దగ్గర ఏజెంట్లెవరూ లేరండీ. పైసా కమీషన్ లేకుండా ఆయనే మిమ్మల్ని తీసుకొచ్చేవారు. చర్చి వెనక ఉండేవారు," అన్నాడు క్లర్కు.

తలుపు తీసింది ఏసుపాదం భార్య జ్ఞానమ్మ.

"క్రిస్మస్ ముందు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి."

మూర్తి ఆయన కోసం తెచ్చిన కొత్త తువ్వాళ్ళు ఎవరికివ్వాలో తోచక ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"ఆయన చలవ వల్లే అన్నం తింటున్నామమ్మా. బతికుండగా ఆ మాట చెప్పలేకపోయాం."

"మిమ్మల్ని బ్యాంకుకి తీసుకెళ్ళొచ్చిన రోజున కడుపునిండా భోంచేసేవారండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేవారు."

"ఏం ఉద్యోగమమ్మా?"

జ్ఞానమ్మ తువ్వాళ్ళు గుండెకి హత్తుకుంది.

"నరసాపురం కోర్టులో అమీనా అండి, అప్పులు తీర్చలేనోళ్ళ ఇళ్ళు జప్తు చేసి సామాన్లు వీధిలో పెట్టించే పని."